నా ఫోల్డరులో ఉండకూడని ఫైలు

మార్కాపురం పలకల క్వారీల దగ్గర నా గురించి ఒక మాట చెప్పుకుంటారు. గుంతలోంచి రాళ్ళు పైకి లాగే వించి మిషను ఆగకుండా తిరిగిన రోజున, ఇంకో క్వారీలో మనుషుల ప్రాణాలు కాపాడింది నేనేనని. ప్రోగ్రాం రాసిన అమ్మాయి అజాగ్రత్తగా ఉంటే, నేను సమయానికి కనిపెట్టి అందరినీ ఆపానని. టీ కొట్టు దగ్గర నా ఎదురుగానే ఈ మాట చెప్పి, కూర్చోమని నాకు బల్ల మీద చోటిస్తారు. ఇన్నాళ్ళూ ఆ చోట్లో కూర్చున్నాను. ఆ రోజు జరిగింది అది కాదు.

జిల్లాలు విడగొట్టి, కందుకూరు ఒక వైపు, చీరాల ఒక వైపు పోయి, మా మార్కాపురం మాత్రం మళ్ళీ ఒంగోలుకే మిగిలిపోయిందని అందరూ గొణుక్కునే రోజులవి. నేను బెంగళూరులో చాలా ఏళ్ళు, యంత్రాన్ని లోపలి నుంచి నడిపే కెర్నెల్ అనే ప్రోగ్రాము పని చేసి, ఆ కంపెనీ మనుషులను తగ్గించుకున్నప్పుడు ఇంటికి వచ్చేశాను. కంభం రోడ్డులో ఒక హార్డ్‌వేర్ దుకాణం పైగది అద్దెకు తీసుకుని, క్వారీల వించి మిషన్లకు కంట్రోలు పెట్టెలు తయారు చేయడం మొదలుపెట్టాను.

పలకల రాయి కోసం తవ్విన గుంతలు చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. పొద్దున దిగేటప్పుడు అందరూ గట్టుకు చెక్కిన మెట్ల మీదుగా దిగుతారు. సాయంత్రం ఆ మెట్లెక్కే ఓపిక ఎవరికీ ఉండదు. రాళ్ళు పైకి తెచ్చే ఇనుప తొట్టిలో నిలబడి, ఇనుప తాడు పట్టుకుని వచ్చేస్తారు. తొట్టిలో మనుషులు ఎక్కకూడదని రూలు. ఆ రూలు రాసిన బోర్డు కిందనే నిలబడి తమ వంతు కోసం చూస్తారు. తొట్టి గట్టు మీదకు రాగానే వించి ఆగాలి. ఆగకపోతే తొట్టి పోయి పైనున్న కప్పీకి గుద్దుకుంటుంది, తాడు తెగుతుంది. ఒక క్వారీలో రాళ్ళ తొట్టి అట్లాగే తెగి పడింది. అప్పుడు కింద మనుషులు లేరు. ఆ భయంతోనే ఓనర్లు నా పెట్టెలు పెట్టించుకున్నారు.

పెట్టెలో రెండు ప్రోగ్రాములు ఉండేవి. కింద కెర్నెల్. మోటారుతోనూ, తాడు పొడవు కొలిచే చక్రంతోనూ నేరుగా మాట్లాడేది అదే. అందులో ఆ కొలతలు చదివే భాగం, డ్రైవరు, నేను రాసింది. దాని మీద నడిచే రెండో ప్రోగ్రాం, కెర్నెల్ ఇచ్చిన అంకెలు తెర మీద చూపించి, తొట్టిని ఎక్కడ ఆపాలో నిర్ణయించేది. అది నా దగ్గర పనిచేసే అమ్మాయి రాసింది. ఆమెది రాచర్ల వైపు పల్లె, తండ్రికి గొర్రెలు. మార్కాపురంలో పిన్ని ఇంట్లో ఉండి పనికి వచ్చేది.

ఈ రెండు ప్రోగ్రాములకూ మధ్య ఒప్పందం లాంటి చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. దాన్ని హెడర్ ఫైలు అంటాం. మొదటి గడిలో తాడు పొడవు ఉంటుంది, రెండో గడిలో మోటారు వేగం ఉంటుంది, ఇట్లా. కింది ప్రోగ్రాం ఆ వరసలో నింపుతుంది, పై ప్రోగ్రాం ఆ వరసలో చదువుతుంది. గడులకు లోపల పేర్లేమీ ఉండవు, వరస ఒక్కటే ఆధారం. ఆ ఫైలును నేను నా డ్రైవరు ఫోల్డరులో, నా సొంత ఫైళ్ళ మధ్య పెట్టుకున్నాను.

చేరిన కొత్తలోనే ఆ అమ్మాయి అడిగింది.

"అన్నా, ఈ హెడర్ నీ ఫోల్డర్లో ఎందుకుంది?"

"నా డ్రైవరుది కాబట్టి."

"నీ ఒక్కడిదే కాదు గదా. నా ప్రోగ్రాం గూడా దీన్నే చూడాల. కెర్నెల్ లోపలి ఫైళ్ళు బయటి ప్రోగ్రాం ముట్టగూడదని నువ్వే అంటివి. మరి నేను యాడ జూడాల?"

"కాపీ చేసుకో."

"కాపీ జేసుకుంటే రెండైతాయి."

"అయితే ఏంది?"

"నువ్వు ఒకదాన్ని మారుస్తావు. నాకు చెప్పేది మర్చిపోతావు."

"నేను మర్చిపోతానా?"

"పొద్దున టిఫిను తిన్నావో లేదో వదినకు ఫోన్ జేసి కనుక్కునేవాడివి నువ్వు," అని నవ్వింది. "మా పిన్ని పనిచేసే షెడ్డులో పలకలు కోసేటోళ్ళు ఒక పక్క, చెక్క ఫ్రేములు బిగించేటోళ్ళు ఒక పక్క. కొలత రేకు నడిమి గుంజకు తగిలిచ్చి ఉంటది. ఎవురన్నా దాన్ని తమ పక్కకు తీసుకపోతే ఇంక ఆ పూటంతా తిట్లే. మనమూ అట్ల నడమ ఒక ఫోల్డర్ పెడదామన్నా. నువ్వు మార్చాలన్నా నేను చూడాల, నేను మార్చాలన్నా నువ్వు చూడాల."

"ఇది పలకల షెడ్డు కాదమ్మాయ్, కెర్నెల్," అన్నాను.

ఆమె చెప్పిందే సరైనదని నాకు అప్పుడే తెలుసు. పెద్ద కెర్నెల్స్‌లో బయటి ప్రోగ్రాములు చూసే హెడర్లను లోపలి హెడర్లతో కలపరు. వాటికి వేరే చోటు ఉంటుంది, ఆ చోట ఉన్న వరసను ఎవరూ ఇష్టం వచ్చినట్టు మార్చరు. బెంగళూరులో నేను కొత్తవాళ్ళకు నేర్పిన పాఠమే అది. కానీ అక్కడ అన్నేళ్ళూ నా ఫైళ్ళు ఎక్కడ ఉండాలో వేరేవాళ్ళు చెప్పారు. ఇక్కడ కెర్నెల్ నాది, గది నాది. నడిమి ఫోల్డరు పెడితే నా ఫైలు మార్చడానికి నేను ఒక పిల్ల ఒప్పుకోలు అడగాలి. అసలు కారణం అది. ఆమె రెండు మూడుసార్లు అడిగి, ఊరుకుంది. కాపీ చేసుకుంది.

తర్వాత ఒక క్వారీలో మోటారు వేడెక్కి కాలిపోయింది. మోటారు వేడి కూడా కొలవాలని నేను హెడరులో ఒక కొత్త గడి చేర్చాను. దాన్ని చివర చేర్చి ఉంటే ఏమీ జరిగేది కాదు. మొదట్లో చేర్చాను. డ్రైవరు ముందుగా చదివేది వేడినే కాబట్టి, ఫైలు తెరిస్తే ఆ వరస చూడముచ్చటగా ఉందనిపించింది. నేను రాసుకున్న చిన్న పరీక్ష ప్రోగ్రాంతో చూసుకున్నాను. అది నా ఫోల్డరులోని కొత్త ఫైలునే చదువుతుంది కాబట్టి అన్నీ సరిగ్గా కనిపించాయి. రెండు వరసలూ ఒకటేనా అని పెట్టె తనంతట తాను చూసుకునే తనిఖీ పెట్టి ఉండాల్సింది. అదీ పెట్టలేదు.

కంభం వైపు ఉన్న క్వారీలో సాయంత్రం పని అయ్యాక కొత్త కెర్నెల్ ఎక్కించి వచ్చాను. మర్నాడు పొద్దున తర్లుపాడు వైపు క్వారీలో ఎక్కించాను. ముందురోజు తన పల్లెకు వెళ్ళిన ఆ అమ్మాయి బస్సు దిగి నేరుగా ఆ క్వారీకే వచ్చింది. తొట్టి లాగమని పైకి చెప్పే గంట తీగ గుంత అడుగున తెగిందంటే బాగుచేయడానికి మెట్ల మీదుగా దిగింది. కెర్నెల్ మార్చిన సంగతి ఆమె పైకి వచ్చాక చెబుదామనుకున్నాను.

గంట లేక తొట్టి కదలనే లేదు; మధ్యాహ్నం దాటాక తీగ బాగై కింద నుంచి గంట మోగింది. తొట్టిలో ఆమె ఒక్కతే ఎక్కింది. ఆ రోజుకు అదే మొదటి తొట్టి.

వించి దగ్గర కూర్చునే ముసలాయనను అందరూ మామ అనేవాళ్ళు. పూర్వం తాడుకు ఎర్ర గుడ్డ కట్టి, అది తాడు చుట్టుకునే డ్రమ్ము దగ్గరకు రాగానే ఆయన చేతి బ్రేకు వేసేవాడు. నా పెట్టె వచ్చాక గుడ్డ చిరిగిపోయింది, మళ్ళీ ఎవరూ కట్టలేదు. పెట్టె నడుస్తుంటే బ్రేకు ముట్టుకోవద్దని, ముట్టుకుంటే లెక్క తప్పుతుందని ఆయనకు గట్టిగా చెప్పింది నేనే. ఆయన మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

తెర మీద లోతు నలభై రెండు అని ఉంది. గుంత లోతు సుమారుగా అంతే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, నాకు కూడా. తాడు చుట్టుకుంటోంది. కాసేపటికి మళ్ళీ చూశాను. నలభై రెండే ఉంది. చూస్తుండగానే నలభై మూడు అయింది.

తొట్టి పైకి వస్తుంటే లోతు పెరగడమేమిటి?

అది లోతు కాదు. ఎండలో ఉన్న మోటారు వేడి. పై ప్రోగ్రాం మొదటి గడిలో తాడు పొడవు ఉందనుకుంటోంది, నేను అక్కడ వేడిని పెట్టాను. దానికి తెలిసినంతవరకు తొట్టి ఇంకా గుంత అడుగునే ఉంది. అది ఆపదు. ఎప్పటికీ ఆపదు.

ఇదంతా నాకు ఒక్క క్షణంలో తెలిసింది. తెలిసి నేను చేసిన పని ఏమిటంటే, వంగి సంచిలోంచి ల్యాప్‌టాప్ తీయబోయాను. "ఆపు" అనలేదు. ఫైలు చూడాలనిపించింది. నేను అనుకున్నది నిజమో కాదో చూడాలనిపించింది. నిజం కాకపోతే బాగుండునని ఎంత భయపడ్డానంటే, తొట్టిలో మనిషి ఉందన్న సంగతి ఆ భయం కింద పడిపోయింది.

ఆమె తల గట్టు మీద కనిపించింది. ముఖం మీది దుమ్ము తుడుచుకుంటోంది. తొట్టి గట్టుతో సమానంగా వచ్చింది, ఆగలేదు. ఆమె నా వైపు చూసింది. తర్వాత పైకి, కప్పీ వైపు చూసింది.

"మామా! బ్రేకెయ్! బ్రేకెయ్ మామా!"

మామ లేచి నిలబడ్డాడు. చెయ్యి బ్రేకు మీద పెట్టి నా వైపు తిరిగాడు.

"సారూ, ఎయ్యొచ్చునా?"

నేను ల్యాప్‌టాప్ తీస్తూనే ఉన్నాను. ఆయన ఇంకొక్క రెప్పపాటు చూసి, నన్ను వదిలేసి, ఒళ్ళంతా వేసి బ్రేకు లాగాడు.

తొట్టి కప్పీ కిందనే ఆగి ఊగింది. తాడు పట్టుకున్న ఆమె కుడి చెయ్యి తొట్టి కడియానికీ కప్పీ చట్రానికీ మధ్య పడి నలిగింది. ఆ కేక నేను ఇక్కడ రాయలేను. మామ బ్రేకు కొంచెం కొంచెం వదులుతూ తొట్టిని దించాడు. దింపుతున్నంతసేపూ, "ఏం కాదులే తల్లీ, వచ్చేసినావు, వచ్చేసినావు," అంటూనే ఉన్నాడు. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఓనరు జీపు తెచ్చాడు. ఆమె చేతికి తువ్వాలు చుట్టి వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఓనరు నా దగ్గరకు వచ్చాడు.

"ఏందబ్బాయ్ ఇది? ఆడబిడ్డ సచ్చిపోయేది గదా! ఎవురి తప్పు ఇది?"

జీపు తలుపు తెరిచే ఉంది. ఆమెకు వినపడుతుందని తెలిసి కూడా అన్నాను. "ఆపాల్సింది పై ప్రోగ్రాం. అది ఆ అమ్మాయి రాసింది. పాత ఫైలు వాడింది."

అందులో ప్రతి మాటా విడిగా చూస్తే నిజమే. ఆమె తల ఎత్తి నన్ను చూసింది.

"ఏం మార్చినావన్నా?" అని అడిగింది.

నేను ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి నెమ్మదిగా. "హెడర్ మార్చినావా? కంభం దిక్కు గూడా ఎక్కిచ్చినావా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండో క్వారీ. అక్కడ రెండు రోజులుగా గుంతలో వాన నీళ్ళు తోడుతున్నారు. రాళ్ళు పైకి తేవడం లేదు, అందుకే పొద్దుటి నుంచి వించి తిరిగి ఉండదు. సాయంత్రం పని అయ్యాక మనుషులు తొట్టి ఎక్కుతారు. అప్పటికే ఎండ వాలుతోంది.

నేను కంభం వైపు పోవడానికి బండెక్కాను. జీపు ఆసుపత్రి వైపు వెళ్ళింది.

ఫోన్ జేబులోనే ఉంది. సిగ్నల్ ఉంది. ఆ క్వారీ మేస్త్రి నంబరు కూడా ఉంది. తొట్టి ఎక్కవద్దని చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. ఇప్పుడే పాత ఫైలు అని ఓనరుకు చెప్పాను. నిన్న కొత్తది ఎక్కించింది ఎవరని అడుగుతారు. దానికన్నా నేనే వేగంగా పోయి, పని దిగకముందే చప్పుడు లేకుండా పాత కెర్నెల్ ఎక్కించేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇట్లా లెక్క వేసుకుంటూ నడిపాను. మనుషుల ప్రాణాలను ఒక పక్క, నా మాటను ఒక పక్క పెట్టి లెక్క వేసుకున్నాను.

రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు రావాలి. ఆ గేటు దగ్గర పడ్డ భయం నేను ఎన్నడూ పడలేదు. గుంతలోంచి తలలు ఒక్కొక్కటే పైకి వస్తున్నట్టు, తెర మీద అంకె కదలనట్టు కనిపిస్తోంది. పక్కన ఆటో నిండా మేకపిల్లలను వేసుకున్న ఒకాయన నన్ను చూసి, "ఏందన్నా, చూపుతోనే గేటు లేపేటట్టుండావు? ఎవురికన్నా కాన్పా?" అన్నాడు. "పోన్ అన్నా చేసుకో, యాడికీ పోదులే ఆ గూడ్సు," అన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు తెరిచాను. గూడ్సు వచ్చింది, పోయింది. గేటు లేచింది. ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

క్వారీ దగ్గరకు వెళ్ళేసరికి పని దిగింది. తొట్టి గట్టు మీద ఖాళీగా ఉంది. మనుషులు ఒకరి వెనక ఒకరు మెట్లెక్కి వస్తున్నారు, ఆయాసపడుతూ, తిట్టుకుంటూ. నేను బండి దిగి ఒక్కొక్కరినే చూస్తూ నిలబడ్డాను.

మేస్త్రి పరుగున వచ్చాడు. "రాండి సారూ! మీరు చెప్పబట్టి బతికినాం!"

"నేనా?"

"ఆ పాప పోన్ చేసింది గదా ఆస్పత్రి కాడ్నించి. సారు చెప్పమన్నాడు, ఎవురూ తొట్టి ఎక్కొద్దంట, మెయిను తీసెయ్యండి అనింది. యాడ్చుకుంటా చెప్పింది పాపం. ఈ నాయాళ్ళు ఇనరు గదా, సారు మాటని గట్టిగా చెప్తే అప్పుడు మెట్లెక్కినారు."

మెట్లెక్కి వచ్చిన ఒకడు నడుము పట్టుకుని, "మీ పెట్టె ఏమో గాని సారూ, మా మోకాళ్ళు పోయినాయి," అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు.

ఆమె నలిగిన చెయ్యి డాక్టరు కడుగుతుండగా ఎడమ చేత్తో ఫోన్ చేసింది. తన మాట వినరని తెలిసి నా పేరు చెప్పింది. నేను చెప్పమనలేదని ఆ గట్టు మీద ఒక్క మాట అంటే సరిపోయేది. నేను టీ తాగాను.

మర్నాడే ఆ హెడర్‌ను నా ఫోల్డరులోంచి తీసి, ఆమె చెప్పినట్టే నడిమి ఫోల్డరులో పెట్టాను. వరస మారితే పెట్టె అసలు మొదలే కాకుండా తనిఖీ పెట్టాను. అన్ని క్వారీలూ తిరిగి ఎక్కించాను. అన్నిచోట్లా, ఆ పాప చేసిన తప్పు మీరు సర్దుతున్నారా సారూ అని అడిగారు. ఊ అన్నాను.

ఆమె మళ్ళీ పనికి రాలేదు. కొన్నాళ్ళకు ఆమె చేరబోయే కంపెనీ నుంచి నాకు ఫోన్ వచ్చింది, మనిషి ఎట్లాంటిదని. తెలివైనదే గానీ కొంచెం అజాగ్రత్త అన్నాను. ఇందులో నాకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు కలిగించేది ఆ ఒక్క మాట. అప్పటికి నన్ను ఎవరూ తప్పు పట్టడం లేదు. తొట్టి దగ్గర నా భయానికి ఒక కారణం ఉంది. ఆ ఫోనులో ఏ భయమూ లేదు, అలవాటు మాత్రమే. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు.

ఈ మధ్య గిద్దలూరు వెళ్ళి ఆమెను కలిశాను. అక్కడ పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతోంది. కుడి చేతి రెండు వేళ్ళు వంగవు. నన్ను కూర్చోమంది. అంతా చెప్పాను. గేటు దగ్గర ఫోన్ చేయని సంగతి, ఆ కంపెనీకి చెప్పిన మాట కూడా. ఆ రెండూ ఆమెకు తెలియవు.

వంగని వేళ్ళను ఎడమ చేత్తో పట్టుకుంది. "ఉద్యోగం సంగతి తెలీదన్నా నాకు," అంది. "చేతి వల్ల రాలేదనుకుంటిని."

నేను తల ఎత్తలేకపోయాను. ఇదంతా రాస్తానని చెప్పాను.

"రాస్తే రాయి. క్వారీలోళ్ళు చదవతారా? నా పేరు చెడింది ఆడ. ముందు ఆడికి పోయి చెప్పు," అంది. క్లాసుకు వేళయిందని లేచింది.

వెళ్ళాను. తర్లుపాడు వైపు క్వారీ ఓనరు లెక్కలు చూసుకుంటున్నాడు. ఫైలు నాదని, మార్చింది నేనని, ఆమె ముందే వద్దందని, రెండో క్వారీకి ఫోన్ చేసింది ఆమె సొంతంగానేనని విడమరచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, నా భుజం తట్టాడు.

"నీది మంచి మనసబ్బాయ్. ఇన్నేండ్లయినా ఆ పాపను ఎనకేసుకొస్తుండావు."

"వెనకేసుకు రావడం కాదండీ. నిజం చెబుతున్నాను."

"సర్లే, సర్లే. ఎవురో ఒకరు చేసినారు. కూర్చో, టీ చెప్తా."

మళ్ళీ చెప్పాను. మూడోసారి చెబుతుంటే ఆయన ముఖంలో నామీద గౌరవం పెరుగుతోంది. అది చూసి నాకు తొట్టి దగ్గర పుట్టిన భయమే మళ్ళీ పుట్టింది. ఈసారి లాగడానికి నా ఎదురుగా బ్రేకు లేదు. కంభం వైపు మేస్త్రి కూడా అదే అన్నాడు, ఇంకా ప్రేమగా.

నోటితో చెబితే నమ్మడం లేదు కాబట్టి రాసి పెడుతున్నాను. ఆ హెడర్ ఫైలు రెండు ప్రోగ్రాములకూ ఉమ్మడిది, దాన్ని నా ఫోల్డరులో ఉంచింది నేను. వేరే చోట ఉంచమని ఆ అమ్మాయి అడిగింది. వరస మార్చి ఆమెకు చెప్పనిది నేను. ఆమె అజాగ్రత్త మనిషి కాదు. ఈ కాగితాల జిరాక్సు కాపీలు రెండు క్వారీల ఆఫీసు గోడలకు అంటించడానికి రేపు పొద్దున వెళ్తున్నాను. ఓనరు చించేస్తే మళ్ళీ అంటిస్తాను.